దీనమనస్సు - వినయము: తెలుఁగు బైబిలునందలి రెండు పదముల విమర్శ

క్రైస్తవుల నూతననిబంధనమున గ్రీకుభాషలోఁ దపైనొఫ్రొసూనే యను పద మేడుచోట్లఁ గానవచ్చుచున్నది. దానిని విడఁదీసి చూచినచోఁ 'గ్రిందుగా నుండు మనస్సు' అని యర్థము. తెలుఁగు క్రైస్తవులు తరతరములుగాఁ బఠించుచున్న యనువాదమున నీ పదమునకు మాఱుగాఁ బెక్కుచోట్ల వినయశబ్దమును, పేతురు మొదటి పత్రిక యైదవ యధ్యాయమున 'దీనమనస్సు' అను సమాసమును గలవు. మూలమున నొక్కటి, అనువాదమున రెండు. అనువాదకునకుఁ బర్యాయపదములు వాడు స్వాతంత్ర్యము గలదు గదా యని యీ విషయమును విడిచిపెట్టవచ్చును. కాని యివి పర్యాయపదములు గావు. అమరసింహుఁడు దీనశబ్దమును దరిద్రపర్యాయములలోఁ జదివెను. వినీతశబ్దమును బ్రశ్రితశబ్దముతోఁ జేర్చెను. ఈ రెంటికిని నడుమ నున్న దూరము స్వల్పము గాదు.

ఈ గ్రంథమును వాఙ్మయముగాఁ జదువువారికంటె నిత్యానుష్ఠానమునకై చదువువారే పెక్కండ్రు. గర్వము నెట్లు విడువవలయునని యందు వెదకువాఁ డీ పదములలో దేనిని బట్టుకొనునో దానింబట్టి వాని నడవడి యేర్పడును. వినయమును బట్టుకొన్నవాఁడు మర్యాదస్థుఁ డగును. దైన్యమును బట్టుకొన్నవాఁడు క్రుంగిపోవును. మూలకర్తలు కోరినది యీ రెంటిలో నేదియుఁ గాదని నా తలంపు. దానిని నిరూపించుటకు శబ్దశాస్త్రమే నాకుఁ దెలిసిన మార్గము.

వినయశబ్దము విపూర్వకమైన 'ణీఞ్ ప్రాపణే' యను ధాతువునకు 'ఏరచ్' అను సూత్రముచే అచ్ప్రత్యయము రాఁగా సిద్ధించినది. నడిపించుట ధాత్వర్థము. కావున వినయ మనఁగా మొదట శిక్షణమే. బౌద్ధులు భిక్షువుల నియమసముదాయమునకు వినయ మని పేరిడుటయు, కాళిదాసు దిలీపుఁడు ప్రజలకు శిక్షణ మొసఁగుటను వినయాధాన మనుటయు నీ యర్థముననే. అమరుఁడు చక్కఁగాఁ దీర్పఁబడిన గుఱ్ఱములను సయితము వినీతము లనెను. శిక్షణమువలనఁ గలుగునది కావున వినయము కలిమి గలవాని గుణమైనది. ఆ కలిమి విద్య కావచ్చును, ధనము కావచ్చును, వంశము కావచ్చును. విద్వాంసుఁడు చేతులు గట్టుకొని నిలిచిన వినయ మందుము. కూలివాఁ డట్లే నిలిచిన భయ మందుము. భంగిమ మొక్కటియే, పేరు వేఱు. తపైనొఫ్రొసూనేకు వినయ మని వ్రాసిన యనువాదకుఁ డెఱుఁగకయే యొక సభామర్యాదను గ్రంథములోనికిఁ బ్రవేశపెట్టినాఁడు.

మన కావ్యావతారికలు చూచినవారి కీ మర్యాద యెట్టిదో తెలియును. కాళిదాసు తన్ను వామనునితోఁ బోల్చుకొని రఘువంశము నారంభించెను. దానివలన నాతఁడు మందుఁడని నమ్మినవాఁ డొక్కఁడును లేఁడు. నమ్మవలయునని యాతఁడును గోరియుండఁడు. మన తెలుఁగు కవులు మఱియొక యడుగు ముందునకు వైచిరి. పెద్దలకు నమస్కరించి తమ కొఱఁతలు చెప్పుకొన్న చేతితోనే కుకవినిందయుఁ గావించిరి. రెండును సంప్రదాయములే కావున నొకదానితో నొకటి కలహింపవు. సంప్రదాయవినయమున కెట్టి వ్యయమును లేదు. అది యాభరణము.

దీనశబ్దము మాట వేఱు. 'దీఙ్ క్షయే' యను ధాతువునకు నిష్ఠాప్రత్యయము రాఁగా 'ఓదితశ్చ' యను సూత్రముచేఁ దకారమునకు నకారము గలిగినది. క్షీణించినవాఁ డని యర్థము. ఆలంకారికులు దైన్యమును ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో నొకటిగాఁ జదివిరి. గర్వమును గూడ నా పట్టికలోనే చదువుట గమనింపఁదగినది. రెండును దరంగములవలె లేచి యడఁగునవి. ఒకదానికిని స్థాయిత్వము లేదు. ఉదయమున గర్వించినవాఁడే సాయంకాలమున దీనుఁడు గావచ్చును, మఱునాఁడు మరల గర్వింపవచ్చును. నిజమునకు దైన్యము గర్వమునకు విరుద్ధము గాదు. గర్వమునకుఁ దగిలిన దెబ్బయే తఱచుగా దైన్యము. పౌలు కోరినది యట్టి తరంగము గాదు, నిలుకడగల బుద్ధి. గ్రీకువారికిఁ దపైనొస్ అనఁగాఁ బల్లపునేల, నీచస్థితిలో నున్నవాఁడు, అల్పబుద్ధి యనునవి వాడుకలోని యర్థములు. అట్టి నింద్యపదమునుండి పుట్టిన మాటను గుణవాచకముగాఁ జేసి వాడుట యా కాలపుఁ జదువరుల చెవులకుఁ గఠినముగా నుండియుండును. లాటినువారి హ్యూమిలిటాస్ అను పదమును మన్ను అను నర్థముగల హ్యూముస్ అను పదమునకుఁ జుట్టమే. వినయ మను పదమున నీ మంటివాసన లేదు. దీనశబ్దమునం దది కలదు గాని దానితోడనే క్షయమును వచ్చి చేరినది.

పేతురు పత్రికలోని వాక్య మీ చిక్కును బయలుపఱుచును. అచ్చటి గ్రీకుక్రియ ముడివాచకమైన కోంబోస్ అను పదమునుండి పుట్టినది. బానిసలు పని చేయునపుడు పైని ముడివైచుకొను గుడ్డకు ఎంకోంబోమ యని పేరు. కావున మూలమునఁ గనఁబడు చిత్రము పనివాని నడుముగుడ్డ. మన యనువాదకుఁడు దీనమనస్సును వస్త్రముగా రూపించి యంతతోఁ దృప్తిపడక, దానితో నలంకరించుకొనుఁడని మఱియొక క్రియను జేర్చెను. పనిగుడ్డ పట్టుబట్టయైనది! ఇది యనువాదకుని యలసత మని యనను. తెలుఁగునఁ జిరకాలముగా వినయ మలంకారముగానే చెప్పఁబడుచున్నది కావున వాని కలము తనంతటఁ దానే యా దారిని నడచినది. యోహాను సువార్త పదుమూఁడవ యధ్యాయమున గురువు తువ్వాలు నడుమునకుఁ గట్టుకొని శిష్యుల కాళ్లు గడిగిన కథ కలదు. పేతు రా కాళ్లు గడిగించుకొన్నవారిలో నొకఁడు, మొదట వలదన్నవాఁడు. ఆ పత్రిక చదువునపు డీ కథ చదువరి మనస్సునఁ దోఁపవలయును. అలంకారశబ్ద మా దారికి నడ్డముగా నిలిచినది.

ఇంక నీ యనువాదకునికిఁ దెలుఁగుభాష యిచ్చిన మహోపకార మొకటి కలదు. దానిని జెప్పకున్న నన్యాయ మగును. తన్నుఁ దాను హెచ్చించుకొనువాఁడు తగ్గింపఁబడుననియుఁ, దగ్గించుకొనువాఁడు హెచ్చింపఁబడుననియు నర్థముగల సూక్తి లూకా సువార్తలో రెండుమాఱులును మత్తయిలో నొకమాఱును గలదు. ఇందు మానవుఁడు చేయు రెండు పనులకును గొనుధాతువు పరమైయున్నది. ఫలముల రెంటికిని బడుధాతువు. సంస్కృతమునఁ గ్రియాఫలము కర్తను జెందునపు డాత్మనేపదము వచ్చునని పాణిని చెప్పినట్లు, తెలుఁగునఁ గొనుధాతు వాత్మార్థమునఁ జేరును. వండుట యొకటి, వండుకొనుట యొకటి. అట్లే తగ్గించుట యొకటి, తగ్గించుకొనుట యొకటి. ఈ గ్రంథము మెచ్చిన తగ్గింపు 'కొను'తోఁ గూడినది మాత్రమే. ఒకఁడు మఱియొకనిఁ దగ్గించిన దానికి వినయ మని పేరు లేదు. దానికిఁ దెలుఁగున నణఁచుట యని పేరు.

ఈ భేద మాంధ్రదేశమునఁ గేవలము వ్యాకరణవిషయము గాదు. 1876 మొదలు 1878 వఱకు సాగిన ఘోరక్షామము పిమ్మట, 1878 జూలై 3వ తేదీన నొంగోలు ప్రాంతమున నమెరికను బాప్టిస్టు మిషనరి జాన్ క్లౌ ఆధ్వర్యమున నొక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలోఁ బెక్కండ్రు మాదిగలు. ఊరివెలుపల నుండుఁడనియు, బావి ముట్టవలదనియు శాసింపఁబడినవారు. అట్టివారి కొక యుపదేశకుఁడు వచ్చి 'మీరు దీనులుగా నుండుఁ'డని చెప్పిన నర్థమేమి? వారు దీనులుగాఁ జేయఁబడియే యున్నారు. లూకా మొదటి యధ్యాయమున మరియ పాడిన పాటలో దైవము బలవంతులను సింహాసనములనుండి దించి యెక్కించినది యిట్టి దీనులనే. అచ్చటఁ దపైనొస్ శబ్దము గుణమును జెప్పదు, స్థితిని జెప్పును. స్థితివాచకమును గుణవాచకముగాఁ దిప్పి యణఁగియున్నవానిని మఱికొంత యణఁచుట కీ గ్రంథము సాయపడదు. తెలుఁగున దీనశబ్ద మొక్కటియే స్థితికిని గుణమునకును జెల్లుటచే నీ పొరపాటునకుఁ ద్రోవ యేర్పడినది. జాషువ గబ్బిలమున నణఁగఁద్రొక్కఁబడినవాని దైన్యమును వర్ణించెనే కాని వానికి దీనత్వమును బోధింపలేదు. ఆ కవి యీ భేదమును జక్కఁగా నెఱుఁగును.

తగ్గించుకొనుటకు మొదట నిలువవలయును. నిలువనీయఁబడని వానికి లేచి నిలుచుటయే ధర్మము.

ఇఁక రెండవ చిక్కు. పాణిని 'ఆత్మమానే ఖశ్చ' యని యొక సూత్రము రచించెను. తన్ను దాను ఫలానివానిగాఁ దలఁచుకొనువాఁ డను నర్థమున మనధాతువునకు ఖశ్ప్రత్యయము వచ్చును; ముమాగమము రాఁగాఁ బండితంమన్యుఁ డని రూపము. ఇతరులను బండితులుగాఁ దలఁచువానికి నీ ప్రత్యయము రాదు, తనకుఁ దానే కర్మము గావలయును. ఆత్మాభిమానమునకుఁ బ్రత్యేకముగా నొక ప్రత్యయమును గేటాయించిన శాస్త్రము మాది యని మావారు తఱచుగా నవ్వుకొందురు. ఈ ప్రత్యయముతో 'వినీతంమన్యుఁడు' అని రూపము సాధింపవచ్చునా? వ్యాకరణ మడ్డు చెప్పదు. కాని యర్థము చెప్పును. పండితంమన్యుఁడు నిజముగాఁ బండితుఁడును గావచ్చును. తలంపునకును వస్తువునకును విరోధము లేదు. వినీతంమన్యునియం దట్లు గాదు. తాను వినీతుఁడ ననుకొనుటతోడనే, యనుకొన్న వస్తువు చేజాఱును.

క్రైస్తవవాఙ్మయమున దీనిని నిశితముగాఁ జూచినవాఁడు 12వ శతాబ్దివాఁడగు క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు. ఆఱవ శతాబ్దిలో బెనెడిక్టు తన మఠనియమావళి యేడవ యధ్యాయమున వినయమునకుఁ బండ్రెండు మెట్లు చెప్పెను. హెచ్చించుకొన్నవాఁ డా నిచ్చెనను దిగును, తగ్గించుకొన్నవాఁ డెక్కును. బెర్నార్డు వినయగర్వముల మెట్లను గూర్చి యొక చిన్ని పుస్తకము వ్రాయఁబూని గర్వపు మెట్లనే వరుసగా వర్ణించి ముగించెను. వినయమును జెప్పుమనఁగా గర్వమును జెప్పితివేమని యడుగుదువేమో, నేను నేర్చినదే నేర్పఁగలను గదా యని తన్ను గోరిన గాడ్‌ఫ్రేకు సమాధానమును జెప్పెను. ఇది చమత్కారము మాత్రమే కాదు. వినయ మిట్లుండునని వర్ణించిన నది యనుకరణమునకు దొరకును. గర్వమును వర్ణించిన నది పట్టువడును. ఆతని వరుసలోఁ దొమ్మిదవ మెట్టు కపటమైన పాపాంగీకారము. తప్పు బయటఁబడినపుడు దానిని గొండంతగాఁ బెంచి చెప్పుకొనువాఁ డట్టివాఁడు. వినువారు నమ్మకుండుటయే వాని కోరిక. నమ్మిరా, వానికిఁ గోపము వచ్చును.

మన సంఘములలో సాక్ష్యము చెప్పు నాచారము కలదు. పూర్వము నేనిట్టి పాపిని, ఇపు డిట్లున్నాను అని సభలో నిలిచి చెప్పుట. అందు యథార్థముగాఁ జెప్పువారు గలరు, వారి మాట క్లుప్తముగా నుండును. మఱికొందఱి సాక్ష్యమున సంవత్సరసంవత్సరమునకుఁ బూర్వపాపములు పెరుగుచుండును. ప్రార్థనలో నయోగ్యుఁడ నని పదిమాఱు లనువాఁడు, ప్రార్థన చేయు వంతు మఱియొకనికి వచ్చిననాఁడు ముఖము ముడుచుకొనుట చూడలేదా? గుడి కట్టిననాఁటి శిలాఫలకమున దీనసేవకుఁ డను మాట యెంత చిన్న యక్షరములతో నున్నను దానిక్రింది పే రెంత పెద్ద యక్షరములతో నుండును? కొలొస్సయులకు వ్రాసిన పత్రిక రెండవ యధ్యాయమునఁ బౌ లీ తపైనొఫ్రొసూనే పదమునే నిందార్థమున రెండుమాఱులు వాడెను. తెలుఁగున నొకచోట దానికి 'అతివినయము' అని 'అతి' చేర్చిరి. చదువరి తడఁబడకుండుటకు మంచి యుపాయమే. కాని మూలమున నతిశబ్దము లేదు. పౌలు సుగుణమునకు వాడిన పదమునే దోషమునకును వాడెను. పై రూప మొక్కటియే యని చూపుటయే యాతని తాత్పర్యము. ఆ భయమును 'అతి' పోఁగొట్టినది.

వినయమును దన్నుగూర్చి చెప్పుకొనరాదేని మత్తయి పదునొకండవ యధ్యాయమున క్రీస్తు తాను సాత్వికుఁడ ననియు దీనమనస్సు గలవాఁడ ననియు నెట్లు చెప్పుకొనెను? ఇది పూర్వపక్షులు తఱచుగాఁ దెచ్చు ప్రశ్న. మీమాంసకుల దారిని బోయిన సమాధానము దొరకును. స్తుతివాక్యము స్వతంత్రముగాఁ బ్రమాణము గాదు. విధివాక్యముతో నేకవాక్యత చెంది యా విధికి సాయపడును. ఇచ్చట విధి, కాడి నెత్తుకొని తనయొద్ద నేర్చుకొనుఁడనునది. కాడి యనఁగానే యెద్దునకు భయము. ఈ గురువు కొట్టువాఁడు గాఁడను ధైర్యము గలిగించుట కా మాట యర్థవాదము. విద్యార్థికి నేను గఠినుఁడను గానని చెప్పి బెదురు పోఁగొట్టు నుపాధ్యాయుఁ డాత్మస్తుతి చేసికొన్నాఁడని యెవరనుదురు? వాక్యఫల మెవ్వరిని జెందునో చూడవలయును. చెప్పువానిఁ జెందిన గర్వము, వినువానిఁ జెందిన నుపకారము. అపొస్తలుల కార్యములు యిరువదవ యధ్యాయమునఁ బౌలు తన వినయమును దానే చెప్పుట కీ న్యాయము పూర్తిగాఁ జాలునని నేను జెప్పఁజాలను. అచ్చట వీడ్కోలుసమయపు దుఃఖముగూడ గలదు, కన్నీటి ప్రసక్తియుఁ గలదు. అట్టి వేళల మనుష్యుఁడు లెక్క చూచుకొని మాటాడఁడు.

నేననుట కుత్తమపురుష మని మనవారు పేరిడిరి గదా, యిదియే గర్వము గాదా యని యొక విద్యార్థి యడుగవచ్చును. ఉత్తమశబ్ద మిచ్చటఁ గడపటిదను నర్థము గలది. ఉపోత్తమ మనఁగాఁ గడపటిదానికి ముందటిది. వాఁడు మొదట, నీవు నడుమ, నేను గడపట. గ్రీకువ్యాకర్తలు నేననుదానినే మొదటఁ జదివిరి. ఈ వరుసకు నీతి నంటఁగట్టఁబోను. సూత్రకారుని తలంపు లాఘవమే యైయుండును.

నిత్యజీవితమున గర్వ మేరూపమున వచ్చునో తెలుపు లేఖ యొకటి కలదు. పండితులు తప్పక చదువవలసినది. సుమారు 410వ సంవత్సరప్రాంతమున డియోస్కోరుఁ డను యువకుఁడు హిప్పో పట్టణపు బిషప్పగు అగస్టీనునకు సిసిరో గ్రంథములపై సందేహముల మూట నొకదానిని బంపెను. ప్రయాణమునకు సిద్ధమైయున్నాఁడు, కావున సమాధానములు వెంటనే కావలయును. కారణ మేమన, ఎవరైన నడిగినపుడు తెలియదనిన దన్ను మందబుద్ధి యందురు. అగస్టీను దీర్ఘముగా మందలించి, మాటలో మాటగా డెమాస్తనీసు కథను జెప్పెను. వక్తృత్వమున మొదటిదేది యనఁగా నుచ్చారణాభినయమనియు, రెండవది మూఁడవదియు నదియే యనియు నా వక్త చెప్పెనఁట. అట్లే సత్యమును జేరుటకు మార్గమేది యని యెన్నిమాఱు లడిగినను వినయమనియే చెప్పుదు నని యా బిషప్పు వ్రాసెను. ఇచ్చట గర్వము రాజ్యమును గోరలేదు, ధనమును గోరలేదు. తెలియ దను నాలుగక్షరముల మాట పలుకుటకు భయపడినది, అంతియే. మా పండితసభలలో నీ డియోస్కోరుఁడు ప్రతిదినమును గనఁబడును.

దీనికి విరుద్ధమైన చర్యను బెర్నార్డు చూపెను. తన పుస్తకమున సువార్తవాక్య మొకదానిని దప్పుగా నుదాహరించినట్లు తెలియఁగానే దాని మొదటనే యొక సవరణము చేర్చెను. తానేమి వ్రాసినాఁడో, గ్రంథమున నేమి యున్నదో, రెండును విడివిడిగాఁ జెప్పెను. తానల్పజ్ఞుఁడ నని యొక్క మాటయైన ననియుండినఁ బాఠకుల కెట్టి ప్రయోజనమును లేకపోయెడిది. ఈ పదము తప్పు, ఈ పదము సరి యనుటవలనఁ బ్రయోజనము గలిగినది. కాళిదాసుని వామనునికిని బెర్నార్డు సవరణమునకును నిదియే భేదము. మొదటిది కవిసమయము, రెండవది వ్యయముతోఁ గూడినది. గృహస్థునకును దీనికి మించిన పరీక్ష లేదు. చిన్నవాఁడు తప్పు చూపినపుడు మొగమున వచ్చు మార్పు, తోడివానిఁ బొగడునపుడు గాని యను నవ్యయము నాలుకకు వచ్చుట, విందులో బంతి చివర గూర్చుండి పిలుపుకొఱకుఁ జూచుట. ఈ కడపటిదానిఁ గూర్చి లూకా పదునాలుగవ యధ్యాయమున హెచ్చరిక కలదు. కడపటిచోటఁ గూర్చుండువాఁడు పైచోటికిఁ బిలువఁబడునని యందుఁ జెప్పఁబడినది గాని, పిలుపునకై కూర్చుండు మని చెప్పఁబడలేదు.

బెనెడిక్టు చెప్పిన యేడవ మెట్టును గొందఱు తప్పుగాఁ దలంతురు. అందఱికంటెఁ దాను తక్కువవాఁడ నని నాలుకతోఁ గాక హృదయముతో నమ్మవలయు నని యచ్చట గలదు. వ్యాకరణ మెఱిఁగినవాఁ డెఱుఁగనివానికంటెఁ దన్ను వ్యాకరణమున దక్కువగాఁ దలఁచుట యసత్యము గాదా? పదునాఱవ శతాబ్దిలో స్పెయినుదేశపు సన్యాసిని తెరేసా వినయ మనఁగా సత్యమునందు నడచుటయే యని వ్రాసినది. ఈ రెంటికి సమన్వయము ఫిలిప్పీయుల పత్రికలోని 'ఎంచు' అను క్రియయందుఁ గలదు. ఎంచుట కొలుచుట గాదు. మనవారి యుపాసనావిచారమునఁ దక్కువదానియందు నెక్కువదాని దృష్టిని నిలుపుట విధింపఁబడినది. ఉపాసకుఁడు రెంటికిఁ గల భేద మెఱుఁగును, భ్రాంతుఁడు గాఁడు. పౌలు తరువాతి వాక్యముననే ప్రతివాఁడు నితరుల కార్యములను గూడఁ జూడవలయునని చెప్పి తన యభిప్రాయమును విప్పెను. ఇతరుని పని తనదానికంటె ముందుగా లెక్కకు రావలయు ననుటయే కాని, తన యోగ్యతను దగ్గించి చెప్పుకొనుమనుట గాదు.

ఆ పత్రికయందే మన యనువాదమునఁ బోయిన సొగసొకటి కలదు. రెండవ యధ్యాయము మూఁడవ వాక్యమున నిషేధింపఁబడినది కెనొదొక్సియ, అనఁగా వట్టి కీర్తి. దీనిని 'వృథాతిశయ' మనిరి. ఏడవ వాక్యమునఁ క్రీస్తు చేసినపని ఎకెనోసెన్, తన్ను వట్టిగాఁ జేసికొనెను. దీనికి 'రిక్తుఁడు' అను పదము వాడిరి. 'రిచిర్ విరేచనే' యను ధాతువునకు క్తప్రత్యయాంతము. కుండలోని నీరు పాఱఁబోసినట్టి భావము. పద మెంత చక్కనిదో! మూలమున రెంటికి నొక్కటే ప్రకృతి. ఒకఁడు లోన వట్టివాఁడై పైన నిండుగాఁ గనఁబడఁగోరును. ఒకఁడు లోన నిండినవాఁడై తన్నుఁ దాను వట్టిగాఁ జేసికొనెను. పౌలు వేసిన యీ ముడి తెలుఁగున విడిపోయినది. రిక్తాతిశయ మని యుండిన మొదట చెవికిఁ గొంత కటువుగా నుండునేమో. కాని నాలుగు వాక్యములు గడచి రిక్తశబ్దము మరల వచ్చినపుడు చదువరి యాఁగి వెనుకకుఁ జూచును.